ఖాళీకి కొలత

వాల్పరాయిసోలో నా చెప్పుల దుకాణం
వీధి కంటే ఒక నిలువు కిందకి ఉంటుంది.
ఉన్న ఒక్క కిటికీలోంచి
మనుషులు మోకాళ్ల దాకే కనిపిస్తారు.
ముఖాలు చూసి పలకరించుకునే ఊళ్లో
నేను మడమలు చూసి పేర్లు చెప్పేవాణ్ణి.

దోమితీలాకి ఆ మాత్రం చూపు కూడా అక్కర్లేదు.
రొట్టెల బుట్టతో నూట అరవై రెండు మెట్లు,
పొద్దున దిగేది, మధ్యాహ్నం ఎక్కేది.
మలుపు దగ్గర మునివేళ్ల మీద లేచి
రేవు వైపు కేక పెట్టేది.
కేక కంటే ముందే
బొటనవేలు రాతిని తన్నిన చప్పుడు
నా పైకప్పుకి తెలిసేది.

ఆ తర్వాత రెండేళ్లు కిటికీలో ఆమె లేదు.
చక్కెర జబ్బు.
అరికాల్లో పెసో బిళ్లంత పుండు,
మానినట్టే మాని
తోలు కింద మళ్లీ నోరు తెరిచేది.
వారానికి మూడు కట్లు.
ఒకరు తేనె రాశారు, ఒకరు వెండి మందు.
నలుపు చిటికెన వేలితో మొదలుపెట్టి
ఒక్కొక్క వేలునే అడుగుతూ వచ్చింది.
చివరికి డాక్టరు సగం పాదం అడిగాడు.
"నొప్పి తెలియని దాన్ని ఇవ్వడానికేం కష్టం" అందట.
ఆ రాత్రి నుంచే
లేని వేళ్లు సలపడం మొదలుపెట్టాయట.

మొన్న మంగళవారం
కిటికీలో ముందు ఒక కర్ర.
తర్వాత ఎడమ కాలు.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత,
నేలని అడిగి అడిగి దిగుతున్న కుడి బూటు,
లోపల ఎవరూ లేని ముందు భాగం
పడవ మూతిలా పైకి లేచి.

కూర్చుంది. పాదం తీసి నా మోకాలి మీద పెట్టింది.
కుట్టు చూశాను. మంచి పనితనం.
నేనైతే ఇంకాస్త దగ్గరగా కుట్టేవాణ్ణి.

"సమం నేల మీద పరవాలేదు, ఎలియాస్.
ఆసుపత్రి వరండాలో ఆరు నిమిషాలు నడిపించి
నూట తొంభై మీటర్లని కాగితం రాసిచ్చారు.
ఆ కాగితం మీద మెట్లు లేవు.
ఒళ్లు ముందుకి తూలినప్పుడు
పట్టి ఆపేవాళ్లు లేరు, అదే కష్టం.
వేళ్లంటే ఏమనుకున్నాం మనం?
గోళ్లు కత్తిరించడానికి అనుకున్నాం."

నలభై ఏళ్లు ఉన్న పాదాలకే కొలత తీశాను.
లేనిదానికి ఎలా తీయను?
ఆమె ఎడమ పాదం కాగితం మీద పెట్టించి
పెన్సిలు తిప్పి
కాగితాన్ని వెనక్కి తిరగేశాను.
ఆ గీతలో ఆమెకు మిగిలింది పోగా
మిగిలిన చోటుకి బెండు చెక్కాలి,
చెక్కి ఉన్ని చుట్టాలి.
అట్టలో వంగని ఉక్కు బద్ద.
అడుగున ఊయల చెక్క వంపు,
తన్నలేని పాదం దొర్లనైనా దొర్లాలని.

బద్ద కోసం సొరుగు లాగితే
ఒక మేకు దొర్లింది.
రెండేళ్ల కిందట ఆమె బూటులోంచి పీకింది నేనే.
అంతకుముందు కొట్టిందీ నేనే.
ఒక రోజంతా దాని మీద నడిచింది, తెలియక.
సాయంత్రం మేజోడు ఎర్రబడ్డాక
ఆమె కూతురు ఆ బూటు తెచ్చి నా బల్ల మీద పెట్టి
ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయింది.
ఆ మేకు నేను పారేయలేదు.
ఎవరికీ చూపించనూ లేదు.

సొరుగు మూశాను.
దోమితీలా కిటికీలోకి చూస్తోంది,
పోయే కాళ్లూ వచ్చే కాళ్లూ.
"ఈసారి మేకులొద్దు," అంది.
"జిగురు పెట్టు."

అంతే.
ధర అడిగింది. బేరం కూడా ఆడింది.

శుక్రవారం బూటు తొడుక్కుని బయటికి వెళ్లింది.
దిగేటప్పుడు వెనక్కి తిరిగి
నిచ్చెన దిగినట్టు దిగుతానని ముందే చెప్పింది,
జనం నవ్వితే నవ్వనీ అని.
ఇప్పుడు మాత్రం ఎక్కుతోంది.
పాత చప్పుడు కాదు.
కర్ర, మడమ, ఒక చిన్న ఊగు.
కర్ర, మడమ.
ఊగు ఆలస్యం.
చేతిలో సుత్తి ఆపి లెక్కపెట్టాను.
నలభై ఒకటి దగ్గర
రేవులో ఏదో ఓడ కూత వేసింది,
లెక్క తప్పింది.

ఎన్ని మెట్లు ఎక్కిందో నాకు తెలీదు.
పడిన చప్పుడు మాత్రం వినలేదు.